ఎమ్మెస్సీ పట్టాకు ఏది తప్పనిసరి?

(రసాయనశాస్త్ర అధ్యాపకుడొకరి సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసంలో పోయినవారి గుణగణాలు చెప్పుకోవడం ఆనవాయితీ. మాస్టారికి అది గిట్టదని ఇక్కడున్న చాలామందికి తెలుసు. సన్మానాలకు పిలిస్తే ఏదో ఒక పని చెప్పి తప్పుకునేవారు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశానికి మాత్రం అందరికంటే ముందే వచ్చి కూర్చునేవారు. అందుకని ఆయన మనసు పెట్టిన చోటికే మిమ్మల్ని తీసుకువెళ్తాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా చేతికివ్వాలంటే విద్యార్థి ఏమేమి పూర్తి చేసి ఉండాలి? మన విశ్వవిద్యాలయాలు ఈ నిబంధనలను తిరగరాయాల్సిన సమయం వచ్చింది. రాసేటప్పుడు ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో ఇప్పుడే తేల్చుకోవాలి. ఒకసారి అచ్చయిన నిబంధన పదేళ్ల దాకా కదలదు.

ముందు, పైనుంచి వచ్చిన మార్పులేమిటో చూద్దాం. 2020 జూలై 29న ఆమోదం పొందిన జాతీయ విద్యావిధానం నాలుగేళ్ల డిగ్రీని ముందుకు తెచ్చింది, ఎంఫిల్‌ను ఎత్తేసింది. 2022 నవంబరులో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీలో చేరవచ్చు. 2024లో యూజీసీ పీజీ కోర్సులకు కొత్త చట్రాన్ని ప్రకటించింది. మూడేళ్ల డిగ్రీ చేసినవారికి రెండేళ్ల ఎమ్మెస్సీ, నాలుగేళ్లు చేసినవారికి ఏడాది ఎమ్మెస్సీ. రెండేళ్ల కోర్సులో రెండో ఏడాదిని పూర్తిగా పరిశోధనకే ఇవ్వడానికీ వీలుంది. జాతీయ క్రెడిట్ చట్రం లెక్కలో ఏడాదికి 40 క్రెడిట్లు, 1200 గంటల చదువు.

ఏడాది ఎమ్మెస్సీ అనగానే మనవాళ్లలో కొందరు ఉలిక్కిపడుతున్నారు. ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, నియమించిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ కూడా ఆనర్స్ చదివినవారికి ఒక ఏడాది, పాస్ డిగ్రీ వారికి రెండేళ్లు అనే సిఫారసు చేసింది. ఆ కమిషన్ అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉండి సైన్సు శాఖలు కుదురుకోవడం దగ్గరుండి చూసినవారు. కాబట్టి గొడవ ఏడాదా రెండేళ్లా అన్నది కాదు. ఆ ఏడాదిలో చేరేవాడు ఏం చేయగలిగి వస్తున్నాడు, బయటికి వెళ్లేటప్పుడు ఏం చేయగలిగి వెళ్తున్నాడు అన్నదే అసలు సంగతి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. యూజీసీ లెక్కలో 15 గంటల పాఠం ఒక క్రెడిట్. ల్యాబులో 30 గంటలు నిలబడితే ఒక క్రెడిట్. పదిహేను వారాల సెమిస్టర్‌లో వారానికి నాలుగు గంటల పాఠం చెబితే నాలుగు క్రెడిట్లు వస్తాయి. వారానికి నాలుగు గంటలు ల్యాబు నడిపితే వచ్చేవి రెండే. సెమిస్టర్‌కు ఇరవై క్రెడిట్లే అన్నప్పుడు, కొత్త పేపర్లకు చోటు కావాలన్నప్పుడు టైం టేబుల్ వేసేవారి కన్ను ఎక్కడ పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. ల్యాబుకు రసాయనాలు కావాలి, గాజు సామాను కావాలి, గ్యాసు కావాలి, అటెండరు కావాలి, పగిలినదాని స్థానంలో కొత్తది కొనడానికి ఏటా డబ్బు కావాలి. పాఠానికి ఒక గెస్ట్ లెక్చరరు, ఒక బోర్డు చాలు. ల్యాబును తగ్గిద్దామని ఏ బోర్డులోనూ ఎవరూ ప్రతిపాదించరు. ఎవరూ ప్రతిపాదించకుండానే అది తగ్గిపోతుంది. మన నిబంధనల చరిత్రలో నాకు కనిపించే పెద్ద ప్రమాదం ఇదే.

బోర్డుల్లో కూర్చున్నవాణ్ని గనక ఆ గదిలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. గ్రీన్ కెమిస్ట్రీ పెడదామంటే అందరూ తలూపుతారు. నానో పదార్థాలంటే తలూపుతారు. కంప్యుటేషనల్ కెమిస్ట్రీ, ఔషధ రసాయనశాస్త్రం, పేటెంట్ల చట్టం అన్నిటికీ ఆమోదమే. ఏ పేపరు తీసేద్దామని అడిగితే మాత్రం ఎవరి నోటా మాట రాదు. ప్రతి పేపరు వెనకా ఒక మనిషి ఉంటాడు, ఆయన వర్క్‌లోడ్ ఉంటుంది, కొన్ని చోట్ల ఒక కాంట్రాక్టు అధ్యాపకుడి ఉద్యోగమే ఉంటుంది. వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. కానీ విద్యార్థికి ఉన్నవి అవే గంటలు. మాస్టారు అటువంటి సమావేశాల్లో ఒకే ప్రశ్న వేసేవారు. “ఇది ల్యాబు లేకుండా, మనం పక్కన లేకుండా వాడు నేర్చుకోగలడా?” నేర్చుకోగలిగితే ఆ పేపరు తగ్గించడానికి ఆయనకు అభ్యంతరం ఉండేది కాదు. నేర్చుకోలేని పనైతే మాత్రం ఒక్క గంట కూడా వదులుకునేవారు కాదు. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నే.

ఇప్పటి పరిస్థితికి ఆ ప్రశ్న మరింత బాగా వర్తిస్తుంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ఒక కోర్సులోని క్రెడిట్లలో 40 శాతం దాకా స్వయం ఆన్‌లైన్ కోర్సుల ద్వారా తెచ్చుకోవచ్చు. మంచిదే. ఐఐటీ ఆచార్యుడు చెప్పిన క్వాంటం మెకానిక్స్ పాఠాన్ని మారుమూల కాలేజీలో చదివే పిల్ల కూడా తన ఫోనులో, అర్థమయ్యేదాకా ఎన్నిసార్లైనా వినవచ్చు. పెరిసైక్లిక్ చర్యలూ, గ్రూప్ థియరీ అలాగే నేర్చుకోవచ్చు. కానీ రెండు సేంద్రియ పదార్థాల మిశ్రమాన్ని ఈథర్‌లో కరిగించి, బైకార్బనేట్‌తో కడిగి, సెపరేటరీ ఫన్నెల్‌లో రెండు పొరలు విడిపోయేదాకా ఆగి, ఏ పొర ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవడం వీడియో చూసి ఎవరికీ రాదు. పునఃస్ఫటికీకరణకు ద్రావణి ఎంత పోయాలో పుస్తకం చెబుతుంది. ఎప్పుడు ఆపాలో చేతికే తెలియాలి. ఆన్‌లైన్ క్రెడిట్ల వెసులుబాటును ల్యాబు గంటలు కాపాడుకోవడానికి వాడుకుంటే అది వరం. ఖాళీ పోస్టులు కప్పిపుచ్చడానికి వాడితే మాత్రం పిల్లలు నష్టపోతారు.

పరికరాలు లేవు కదా, ల్యాబులో ఏం నేర్పుతాం అని కొందరు అంటారు. ఎన్ఎంఆర్ యంత్రం లేని శాఖలే మన దగ్గర ఎక్కువన్న మాట నిజమే. టి.ఆర్. శేషాద్రిగారు 1934లో వాల్తేరు వచ్చినప్పుడు అటువంటి యంత్రం ప్రపంచంలోనే లేదు. ఆయనా ఆయన శిష్యులూ పత్తిపూలు, గోగుపూలు తెచ్చి వాటిలోని రంగు పదార్థాలను వేరు చేశారు. వాటిని ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కలను గుర్తించి, తిరిగి సంశ్లేషణ చేసి అణునిర్మాణాలు తేల్చారు. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది. అంత అల్లకల్లోలంలోనూ ఆ పని ఆగలేదు. ఆయన 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఊరి చేలో పూసే పువ్వుతో ప్రపంచస్థాయి రసాయనశాస్త్రం చేయవచ్చని మనకు చూపించిన శాఖ అది. పరికరాలు కావాలని మనం అడగాల్సిందే, ప్రభుత్వాలు ఇవ్వాల్సిందే. అవి వచ్చేదాకా చేతిపని మానేస్తామనడానికి మాత్రం ఆ చరిత్ర ఒప్పుకోదు.

ఇక నిబంధనల్లో తప్పనిసరిగా పట్టించుకోవాల్సినవి. మొదటిది రికార్డు. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, క్షమించండి.

మన దగ్గర ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోవాలంటే రికార్డు సర్టిఫై అయి ఉండాలి. అది తప్పనిసరి నిబంధన. ఆ రికార్డు ఎలా తయారవుతుందో ఈ సభలో అందరికీ తెలుసు. ప్రయోగం ఒకరోజు జరుగుతుంది. రికార్డు పరీక్షల ముందు వారం రాత్రుళ్లు కూర్చుని రాస్తారు. సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని రాస్తారు. కుడివైపు విధానం, ఎడమవైపు పట్టిక, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలు. టైట్రేషన్ రీడింగులు మూడూ ఒకటే. తయారుచేసిన పదార్థం ద్రవీభవన స్థానం పుస్తకంలో ఉన్నదే. ఎక్కడా కొట్టివేత ఉండదు. ఫ్లాస్కు పగిలినట్టు, పదార్థం ముద్దకట్టినట్టు, మళ్లీ మొదటినుంచి చేసినట్టు ఒక్క మాట ఉండదు. పిల్లవాడు అలా రాయడానికి కారణం వాడి గుణం కాదు. తప్పు ఫలితం రాస్తే మార్కులు పోతాయి, ఒప్పు ఫలితం రాస్తే వస్తాయి. మన నిబంధన అబద్ధానికి మార్కులు వేస్తోంది. రెండేళ్లపాటు వేస్తోంది.

ఆ పిల్లవాడే పట్టా పట్టుకుని జీడిమెట్లకో, పటాన్‌చెరుకో, పరవాడకో వెళ్తాడు. హైదరాబాదులో ఐడీపీఎల్ మందుల కర్మాగారం వచ్చినప్పటినుంచి మందుల పరిశ్రమే మన కెమిస్ట్రీ పిల్లలకు పెద్ద ఉపాధి. అందుకే మన దగ్గర ఆర్గానిక్ స్పెషలైజేషన్‌కు అంత గిరాకీ. అక్కడ నాణ్యతా విభాగంలో హెచ్‌పీఎల్‌సీ ముందు కూర్చోబెడతారు. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీదారు వచ్చి మొదట అడిగేది డేటా గురించి. ఎవరు నమోదు చేశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, పని జరుగుతున్నప్పుడే రాసి ఉండాలి, మొదటి ప్రతే ఉండాలి, ఉన్నది ఉన్నట్టు ఉండాలి. పరిశ్రమలో డేటా నిజాయితీ అంటే ఈ అయిదే. 2018 డిసెంబరులో ఎఫ్‌డీఏ దీనిమీద ప్రత్యేక మార్గదర్శకాలే ఇచ్చింది. భారతీయ కర్మాగారాలకు వచ్చిన హెచ్చరిక లేఖల్లో పదేపదే కనిపించిన ఆరోపణలు కూడా ఇవే. నచ్చని ఫలితాన్ని పక్కన పెట్టి మళ్లీ పరీక్షించారని, తర్వాత తీరిగ్గా రాశారని, మొదటి కాగితం చించేశారని. ఈ అలవాటు ఎక్కడ పడిందో వెతకడానికి మనం కర్మాగారం దాకా పోనక్కర్లేదు.

మాస్టారు ఫెయిర్ రికార్డు పక్కకు నెట్టి రఫ్ నోటుబుక్కు తెమ్మనేవారు. రసాయనం ఒలికిన మరకలున్న పేజీనే శ్రద్ధగా చదివేవారు. దిగుబడి నూటికి నూరు అని రాసినవాణ్ని మళ్లీ తూచి తెమ్మనేవారు. తడి ఆరలేదని తేలేది. “ఇప్పుడు నువ్వు కెమిస్ట్రీ నేర్చుకున్నావు” అనేవారు. నేను అడిగేది ఆ అలవాటును నిబంధనగా మార్చమని. ఫెయిర్ రికార్డును రద్దు చేద్దాం. పేజీ నంబర్లు అచ్చువేసిన బైండు పుస్తకం ఒకటి ప్రతి విద్యార్థికీ విశ్వవిద్యాలయమే ఇవ్వాలి. ల్యాబులో, అప్పటికప్పుడు, పెన్నుతో రాయాలి. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి, తుడపకూడదు. ల్యాబు ముగిసే వేళకు అధ్యాపకుడు ఆ రోజు పేజీ మీద తేదీ వేసి సంతకం చేయాలి. వచ్చిన ఫలితం సరిగా లేకపోతే ఎందుకు లేదో విద్యార్థి వివరిస్తే ఆ వివరణకు మార్కులు ఉండాలి. ఎక్స్‌టర్నల్ పరీక్షకుడు వైవాలో ఆ పుస్తకం తెరిచి అడగాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు, ఒక్క క్రెడిట్ కూడా అదనంగా అక్కర్లేదు. నా లెక్కలో ఎమ్మెస్సీ నిబంధనల్లో చేయగలిగిన మార్పులన్నిటిలో దీనికంటే పెద్దది లేదు.

రెండోది భద్రత. మన సిలబస్‌లలో రసాయన భద్రత ఉంటే ఏదో ఒక యూనిట్‌లో చివరి అంశంగా ఉంటుంది, లేకపోతే ఐచ్ఛికంగా ఉంటుంది. ఈ నేల మీద ఇంతకంటే అన్యాయం లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు వెంకటాపురంలో కర్మాగారం ట్యాంకులోని స్టైరీన్ ఆవిరై ఊరిమీద పడింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ పాలిమరీకరణ మన ప్రతి ఎమ్మెస్సీ విద్యార్థీ చదువుతాడు. ఫ్రీ రాడికల్ విధానం దశలవారీగా రాసి మార్కులు తెచ్చుకుంటాడు. నిల్వ ఉంచిన స్టైరీన్ తనంతట తాను గట్టిపడకుండా టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్ కలుపుతారని, అది పనిచేయాలంటే ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలని, కాలం గడిచేకొద్దీ ఆ కాటెకాల్ ఖర్చయిపోతుందని, ట్యాంకు వేడెక్కితే చర్య వేగం పెరిగి ఆ వేడి మరింత వేడిని పుట్టిస్తుందని మనం వాడికి చెప్పామా? లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలని పెద్ద ట్యాంకు గురించి ఒక్క ప్రశ్న పరీక్షలో అడిగామా? యాక్టివేషన్ ఎనర్జీ అన్న పాఠం చెప్పినప్పుడు ఆ ఊరు గుర్తుకు రావాలి కదా!

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ద్రావణి కారి, ఆవిరి అంటుకుని జరిగిన పేలుడులో 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. ఇటువంటి చోట్ల పనిచేసేవారిలో మన కాలేజీల నుంచి వెళ్లిన పిల్లలున్నారు. ఫ్లాష్ పాయింట్ అంటే ఏమిటో, ఆవిరి గాలికంటే బరువైతే ఎక్కడికి పాకుతుందో, స్థిరవిద్యుత్తు ఎక్కడ పుడుతుందో, సేఫ్టీ డేటా షీటు ఎలా చదవాలో, షిఫ్టులో ఏదైనా తేడా కనిపిస్తే పని ఆపమని ఎలా చెప్పాలో వాళ్లకు మనం నేర్పి పంపాలి. భద్రత కోర్సు మొదటి సెమిస్టర్‌లోనే ఉండాలి. అందులో పాసైతేనే ల్యాబులో అడుగుపెట్టనివ్వాలి. గ్రేస్ మార్కులు ఉండకూడదు, కాంపెన్సేషన్ ఉండకూడదు. మిగతా ఏ పేపరులో పోయినా పట్టా ఆలస్యమవుతుందంతే. ఇందులో పోతే ప్రాణాలు పోతాయి.

మూడోది కొలత, దానిలో దోషం. మన రసాయనశాస్త్ర విద్యార్థులకు గణాంకశాస్త్రం దాదాపు ఒక పరాయి విషయం. సగటు తీస్తారు, ప్రామాణిక విచలనం సూత్రం రాస్తారు, రెండు కొలతల మధ్య తేడా నిజమైనదో కాదో తేల్చమంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. తెలుగునేల మీద చదువుకున్న సి.ఆర్. రావుగారి శాస్త్రం ఇది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లారు, 1943లో అక్కడ స్టాటిస్టిక్స్‌లో ఎంఏ చేశారు. అప్పటికి ఆ సబ్జెక్టులో మాస్టర్స్ కోర్సు దేశానికే కొత్త. మరుసటి ఏడాది ఆయనే ఆ తరగతికి పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, పెద్ద నమూనాలకు చెప్పిన ఈ ఫలితం పరిమిత నమూనాలకు కూడా వర్తిస్తుందా అని అడిగాడు. ఆ విద్యార్థి తర్వాత ఆర్థికవేత్తగా పేరు తెచ్చుకున్న వి.ఎం. దండేకర్. రావుగారు ఇంటికి వెళ్లి ఆ రాత్రే రుజువు కట్టారు. 1945లో ప్రచురించిన ఆ ఫలితాన్నే ఇవాళ క్రామర్-రావు అసమానతగా ప్రపంచమంతా చదువుకుంటోంది.

ఈ కథ నేను గొప్పలకు చెప్పడం లేదు. ఒక ఎంఏ తరగతిలో అధ్యాపకుడికి అప్పటికి జవాబు తెలియని ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్న అడిగే చొరవ విద్యార్థికి ఉంది, దాన్ని ఇంటికి తీసుకువెళ్లే తీరిక అధ్యాపకుడికి ఉంది. మన శాఖల్లో ఒక్కో అధ్యాపకుడి మీద రెండు సబ్జెక్టుల భారం, అడ్మిషన్ల పని, న్యాక్ ఫైళ్లు, పరీక్షల డ్యూటీ. విద్యార్థి మీద సెమిస్టర్‌కు రెండు ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, సెమినార్లు, ఆపైన నెట్ కోచింగ్. పేపర్లు పెంచుతూ పోయేవారు ఆ తీరికను లెక్కలోకి తీసుకోవడం లేదు. పేపర్లు తగ్గితే చదువు పలచబడుతుందని భయపడుతున్నారు. నా అనుభవంలో పేపర్లు ఎక్కువైనప్పుడే చదువు పలచబడింది.

నెట్ పేరెత్తాను కాబట్టి ఒక మాట. సిలబస్ సిఎస్ఐఆర్ నెట్‌కు సరిపోవాలని పిల్లలు అడుగుతారు, తల్లిదండ్రులూ అడుగుతారు. జేఆర్ఎఫ్ వస్తే బతుకు నిలబడుతుంది కనుక ఆ కోరికను నేను కాదనను. కానీ నెట్ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టే పరీక్ష. వేలమందిని వడపోయడానికి పెట్టినది. దానికి తగ్గట్టు పట్టాను కుదిస్తే ల్యాబులో నిలబడలేని జేఆర్ఎఫ్‌లు తయారవుతారు. వాళ్లకు గైడుగా ఉన్నవారిని అడగండి, మొదటి ఏడాదంతా దేనికి పోతుందో చెబుతారు.

ప్రాజెక్టు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందరికీ తెలిసినదే. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు చాలాచోట్ల కాగితం మీదే జరుగుతోంది. కొన్నిచోట్ల డబ్బు కట్టి తెచ్చుకునే వ్యవహారం అయింది. కొత్త చట్రం రెండో ఏడాదినంతా పరిశోధనకు ఇవ్వొచ్చంటోంది. జరిపించలేని శాఖ ఆ వెసులుబాటు తీసుకుంటే 40 క్రెడిట్లు ఉత్తుత్తివే అవుతాయి. అందుకని నా సలహా ఇది. ప్రతి శాఖా తన దగ్గర ఎంతమందికి నిజంగా బెంచీ చూపించగలదో లెక్క వేసుకుని, అంతమందికే పరిశోధన ప్రాజెక్టు ఇవ్వాలి. మిగిలినవారికి కోర్సు పని ఇచ్చి, దానితోపాటు చిన్నదైనా ఒక స్వతంత్ర ప్రయోగం తప్పనిసరి చేయాలి. మీ ఊరి బోరునీటిలో ఫ్లోరైడు ఏడాది పొడుగునా ఎలా మారుతుందో కొలవడం అటువంటి పని. నల్లగొండ, ప్రకాశం జిల్లాల పిల్లలకు అది పుస్తకం విషయం కాదు, అమ్మమ్మ వంగిన కాళ్లు చూసి పెరిగినవాళ్లు. పెద్ద పరికరం అక్కర్లేదు. అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడు, శుభ్రమైన సీసాలు, ఓపిక చాలు. అచ్చమైన డేటా వస్తుంది, అది జిల్లాకూ ఉపయోగపడుతుంది.

వైవా ఏ భాషలో ఉండాలన్నది కూడా నిబంధనల్లో తేల్చాలి. ఈ ద్రావణి ఎందుకు తీసుకున్నావని ఇంగ్లీషులో అడిగితే తలవంచుకునే అమ్మాయి, తెలుగులో అడిగితే పోలారిటీ గురించి అయిదు నిమిషాలు చెబుతుంది. అది మీరందరూ చూసినదే. పరీక్షిస్తున్నది ఆమె రసాయనశాస్త్రాన్ని. థీసిస్ ఇంగ్లీషులో రాయనివ్వండి, ప్రపంచం చదవాలి కనుక. జవాబు మాత్రం తెలుగులో చెప్పవచ్చని నిబంధనలో అచ్చు వేయండి. పరీక్షకుడి దయకు వదలవద్దు.

మళ్లీ ఏడాది ఎమ్మెస్సీ దగ్గరికి వస్తాను. నాలుగో ఏడాది ఆనర్స్ నడపడానికి మన డిగ్రీ కాలేజీల్లో ఎన్నింటికి ల్యాబులున్నాయి, ఎన్నింటికి పీహెచ్‌డీ చేసిన అధ్యాపకులున్నారు? ఒక కాలేజీలో ఆ ఏడాది నిజంగా పరిశోధనతో గడుస్తుంది. ఇంకో కాలేజీలో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌తో గడుస్తుంది. ఇద్దరి చేతిలోనూ ఒకే పట్టా, ఇద్దరూ ఏడాది ఎమ్మెస్సీకి అర్హులే. ప్రవేశపరీక్ష ఎలాగూ రాతపరీక్షే, ఆంధ్రలో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్. కాబట్టి చేరిన మొదటి పక్షంలోనే శాఖ తన ల్యాబులో వారి చేతిపనిని పరీక్షించాలి. ఒక మిశ్రమం ఇచ్చి వేరుచేయమనాలి, ఒక పదార్థం తయారుచేసి దాని శుద్ధత చూపమనాలి. చేయలేనివారిని పంపించేయకూడదు, అది వారి తప్పు కాదు. సెలవుల్లో శాఖే నడిపే ల్యాబు శిక్షణ పూర్తి చేశాకే పట్టా ఇస్తామని నిబంధన పెట్టాలి. దీనికి డబ్బు అవుతుంది. ఆ డబ్బు విద్యార్థి దగ్గర వసూలు చేయకుండా ప్రభుత్వం ఇవ్వాలి. నాలుగేళ్ల డిగ్రీ పెట్టిన వారికి దాన్ని నిలబెట్టే బాధ్యత కూడా ఉంది.

ఈ సభలో రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల బోర్డు సభ్యులున్నారు. మీకు నా విన్నపం. వచ్చే సమావేశంలో కొత్త నిబంధనల ముసాయిదా మీ ముందుకు వచ్చినప్పుడు పేపర్ల పేర్లు చదవడానికి ముందు ల్యాబు గంటలు కూడి చూడండి. పాత సిలబస్‌లో ఎన్ని ఉన్నాయో పక్కన రాసుకోండి. భద్రత కోర్సు తప్పనిసరి జాబితాలో ఉందో లేదో వెతకండి. రికార్డు అన్న చోట నోటుబుక్కు అని మార్చమని అడగండి. గంటలు తగ్గి ఉంటే ఎంత పెద్దవారు తెచ్చిన ముసాయిదా అయినా దానిమీద సంతకం చేయకండి.